అక్క డబ్బాలో పొడి

నాకు అనుమానం ఎక్కువ. దాచుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు. పాలు పల్చగా ఉంటే పాలవాడు నీళ్లు కలిపాడంటాను, చిక్కగా ఉంటే ఇంకేదో కలిపాడంటాను. "దేవుడు వచ్చి ఎదురుంగ నిలవడ్డా ఆధార్ కార్డు అడుగుతవే నువ్వు" అని మా అక్క ఎన్నోసార్లు అన్నది. కరీంనగర్‌లో ఒక ఫార్మసీ కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా ల్యాబ్ చూసుకుంటున్నాను. సీసా మీద అంటించిన కాగితాన్ని నమ్మొద్దని పిల్లలకు నేర్పడమే నా ఉద్యోగం. ఇంట్లో తిట్లు తినిపించిన గుణమే బయట అన్నం పెట్టింది.

అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. ధర్మపురిలో ఉంటుంది. పదమూడేళ్ల వయసు నుంచి బీడీలు చుట్టిన మనిషి. ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటే తునికాకు, తంబాకు, దారం మూడూ ఆమె వేళ్లను చూసి భయపడి మాట వింటున్నాయా అనిపించేది. మాట్లాడుతూనే, టీవీ చూస్తూనే, నన్ను తిడుతూనే చుట్టేది. కిందకి చూసేదే కాదు.

ఆరేళ్ల కింద ఆ వేళ్లు మొరాయించాయి. ముందు పొద్దున పూట బిగుసుకునేవి. గంటసేపు వేడినీళ్ల గిన్నెలో పెట్టుకుంటే గానీ విడివడేవి కావు. తర్వాత కణుపుల దగ్గర వాపు, ఎరుపు, ముట్టుకుంటే మంట. వయసు మీద పడి మోకాళ్లు అరిగే నొప్పి కాదిది, శరీరం తన కీళ్లను తానే శత్రువనుకుని కొట్టుకునే వాతమని డాక్టర్లు చెప్పారు. రోజూ వేసుకోవడానికి చిన్న తెల్ల స్టెరాయిడ్ మాత్ర ఇచ్చారు. వారానికి ఒక్కరోజు, సోమవారం నాడు మాత్రమే వేసుకోవడానికి పసుపు మాత్రలు ఇచ్చారు. అక్కకు ఆ సోమవారమంటే చచ్చేంత కోపం. మంగళవారమంతా వాంతులు. దువ్వెన నిండా వెంట్రుకలు. "రోగం చంపుతలేదు, మందే చంపుతుంది" అనేది. నొప్పి కొంత తగ్గింది గానీ బీడీ చుట్టేంత సత్తువ మాత్రం వేళ్లకు తిరిగి రాలేదు. చాట గోడకెక్కింది.

మా బావ తక్కువ మాటల మనిషి. బీడీల కంపెనీ గోదాములో తంబాకు కలుపుతాడు. ఘాటుది, మెత్తది, పాతది, కొత్తది అన్నీ కుప్ప పోసి, ఏ గుప్పెడు తీసినా ఒకే వాసన, ఒకే ఘాటు వచ్చేలా చేతులతో తిరగేసి కలపడం ఆయన పని. ముప్పై ఏళ్లుగా అదే చేస్తున్నాడు. ఎక్కడ కూర్చున్నా ఆయన చుట్టూ తంబాకు వాసనే. అక్క తుమ్ముతూనే కాపురం చేసింది.

ఒకరోజు మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "చెల్లే, పిడికిలి పట్టవస్తుందే!" అని అరిచింది. గొంతులో ఏడుపు, నవ్వు కలిసిపోయాయి. ఎవరైనా అయితే సంతోషపడతారు కదా. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఏం తింటున్నవ్?"

"నీ పాడుగాను! జర సంబురపడితె ఏం పోతదే నీకు?" అని ఫోన్ పెట్టేసింది.

ఆ ఆదివారమే ధర్మపురి బస్సెక్కాను. అక్క నా కోసం గుమ్మంలోనే కూర్చుని ఉంది, ఒళ్లో చాట పెట్టుకుని. నా ముందే ఒక ఆకు తీసి, కత్తిరించి, తంబాకు పోసి చుట్టింది. వంకర బీడీ. మునుపైతే అలాంటిది కంపెనీవాళ్లు పక్కన పడేసేవాళ్లు. అక్క దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని నా మొహం ముందు ఆడించింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరిగినంతసేపు తిరిగి, మళ్లీ అనుమానం మొదలైంది.

ఉట్నూరు అవతల ఒక గూడెంలో మందిచ్చే ముసలాయన ఉన్నాడట. వాతానికి పొడి ఇస్తాడట. పొద్దున, రాత్రి చెంచాడు తేనెలో కలిపి నాకాలి. పత్యం గట్టిది. వంకాయ వద్దు, పులుపు వద్దు, ఇంగ్లీషు మాత్రలు అసలే వద్దు. అయిదు నెలల నుంచి అక్క దవాఖాన మాత్ర ముట్టలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

"మాత్రలు బందు పెట్టినవా? నాకు చెప్పకుండనా?"

"చెప్తే నువ్వు తిననిస్తవా?"

"తిననియ్య!"

"మరి గందుకే చెప్పలే."

స్టీలు డబ్బా మూత తీసి వాసన చూశాను. వావిలాకు. సందేహం లేదు. శొంఠి కూడా ఉంది. వెనకాల ఇంకేదో చేదు వాసన, అది మాత్రం అందలేదు. వావిలి కాలువ గట్టు మీద ఎక్కడ చూసినా పెరిగేదే. బాలింతల స్నానానికి ఆ ఆకు వేసి నీళ్లు కాచని ఇల్లు లేదు మా వైపు. నొప్పికి కొంత ఉపశమనమిస్తుంది, కాదనను. కానీ ఆరేళ్లు బిగుసుకున్న వేళ్లు ఉత్త ఆకుపొడితో విడివడ్డాయంటే నేను నమ్మలేదు. నాటు మందు పొడుల్లో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలపడం మా రంగంలో అందరికీ తెలిసిన మోసం. తిన్నవాళ్లు లేచి తిరుగుతారు, మందులాయనకు దండం పెడతారు. లోపల ఎముకలు గుల్లవుతాయి.

"జరంత పొడి ఇయ్యి, పరీక్ష చేస్త" అన్నాను.

"ఇయ్య. వేరేటోళ్ల చెయ్యి పడొద్దన్నడు."

అక్క స్నానానికి పోయింది. నేను డబ్బా మూత తీశాను. పక్కనే ఉన్న తునికాకులో చెంచాడు పొడి పొట్లం కట్టి బ్యాగులో వేసుకున్నాను. సొంత అక్క ఇంట్లో దొంగతనం. ఆమె మేలుకే కదా అనుకున్నాను.

ల్యాబులో చేసిన పరీక్ష చాలా మామూలుది. తెల్లటి పూత పూసిన చిన్న గాజు పలక ఉంటుంది. దాని అడుగున పొడి సారం ఒక చుక్క, పక్కనే అసలైన స్టెరాయిడ్ ఒక చుక్క పెట్టి, పలకను ద్రావకంలో నిలబెడతాం. ద్రావకం పైకి పాకుతూ ఒక్కో పదార్థాన్ని ఒక్కో ఎత్తుకు మోసుకుపోతుంది. తర్వాత ప్రత్యేకమైన దీపం కింద పెడితే మచ్చలు కనిపిస్తాయి. రెండు మచ్చలు ఒకే ఎత్తులో ఉంటే రెండూ ఒకటే అని అర్థం.

ఉన్నాయి. ఒకే ఎత్తులో, పక్కపక్కనే. అక్క పొడిలో స్టెరాయిడ్ ఉంది.

సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు సంతోషం వేసింది. చూశావా, నేను చెప్పలేదూ అని ఖాళీ ల్యాబులో పైకే అన్నాను. పలక అడుగున, చుక్క పెట్టిన చోటే కదలకుండా ఇంకో పసుపుపచ్చని మచ్చ ఉంది. ఆకు రంగు అనుకున్నాను. నాకు కావలసింది దొరికాక ఇంకో మచ్చతో నాకేం పని? ఫోన్‌లో ఫొటో తీసుకుని, వెంటనే అక్కకు ఫోన్ కొట్టాను.

"అక్కా, గా పొడిల స్టెరాయిడ్ ఉన్నది. బందు పెట్టు. ఒక్కసారే కాదు, డాక్టర్ దగ్గరికి పోయి..."

"నీకు పొడి ఎక్కడిది?"

"నువ్వు తానానికి పోయినప్పుడు జరంత..."

"నా డబ్బాలకెళ్లి దొంగతనం జేసినవా? ఓయమ్మో, ఎంతకు తెగించినవే! గందుకే మొన్నటి సంది మల్ల వేళ్లు గుంజుతున్నయి. నీ చెయ్యి పడ్డది."

"అక్కా, జర ఇను..."

"నీ పరీక్ష నీకాడనే పెట్టుకో. నేను ఇన. నా చేతులు నాకు మంచిగైనయి, గదే చాలు నాకు."

అంతే. తర్వాత నా ఫోన్ ఎత్తడం మానేసింది. ఇక ఆమెను ఆపాలంటే ఆ ముసలాయన నోటితోనే నిజం చెప్పించాలనుకున్నాను. బావకు ఫోన్ చేసి, "నన్ను ఆయన కాడికి తీస్కపో" అన్నాను. "ఎందుకు మర్దలా గంత దూరం" అన్నాడు. నేను ఊరుకుంటానా. వచ్చే ఆదివారం పొద్దున్నే వస్తున్నానని చెప్పి పెట్టేశాను.

గోదావరి దాటి, లక్షెట్టిపేటలో బస్సు మారి, జన్నారం మీదుగా అడవి దారిలో పోయాం. బావ కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు. అక్క ఎలా ఉందంటే "ఉన్నది" అన్నాడు. తింటోందా అంటే "నోరు పూసింది, కారం తింటలేదు" అన్నాడు. ఎండాకాలం వేడి అయి ఉంటుందిలే అన్నాను. ఆయన అరచేతులు మోకాళ్ల మీద రాసుకుంటూనే ఉన్నాడు. ఈయన దేనికో భయపడుతున్నాడని నాకు తెలిసిపోయింది. దేనికన్నది మాత్రం నేనే ఊహించుకున్నాను. ముసలాయన దగ్గరికి రోగులను పంపించి వాటా తీసుకుంటున్నాడేమో!

"బావా, నిజం చెప్పు. గాయన నీకేమన్న ముట్టజెప్తడా?"

ఆయన నా వైపు తిరిగాడు. కోపం కూడా లేదు మొహంలో. "నన్ను గట్ల అనుకుంటున్నవా?" అన్నాడు. మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

ముసలాయన ఇంటి ముందు పందిరి కింద ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు, మోకాళ్లు పట్టుకుని కొందరు, నడుములు పట్టుకుని కొందరు. ఆయన ఎండలో కూడా స్వెటర్ వేసుకున్నాడు. నేను వరుసలో నిలబడలేదు. నేరుగా పోయి ఫోన్‌లో ఫొటో ముందు పెట్టి, అందరూ వినేలా అడిగాను. పొడిలో ఇంగ్లీషు మందు ఎందుకు కలుపుతున్నావు, పేదోళ్ల ఎముకలతో ఆడుకుంటావా, పోలీసులకు పట్టిస్తాను చూడు అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. నాకు కోపమొస్తే నోటికి తాళం ఉండదు.

ఆయన ఫొటో చూడలేదు. నన్నే చూశాడు. లోపలికి పోయి గోనె మూట ఈడ్చుకొచ్చి, మూతి విప్పి, గుప్పెడు పొడి తీసి నోట్లో పోసుకున్నాడు. నీళ్లు తాగాడు.

"బాయీ, గిండ్ల వావిలి ఆకున్నది. శొంఠి ఉన్నది. అడివిల గడ్డ ఒకటున్నది. గడ్డ పేరు మాత్రం చెప్ప. చెప్తే రేపు ట్రాక్టర్లు వస్తయి, ఎల్లుండికి గడ్డ ఉండది. ఇంకేం లేదు. తీస్కపో, ఎంత గావాల్నో అంత తీస్కపో. పరీక్ష చేస్కో."

"మరి ఇంగ్లీషు మాత్రలెందుకు బందు చేయిస్తున్నవ్?"

"రెండు మందులు కడుపుల కొట్లాడితె పేరు ఎవలిది చెడ్తది? నాదే గదా." అని బావ వైపు తిరిగాడు. "ఏమన్నా, మాత్రలు బందేనా?"

"బందే" అన్నాడు బావ. నేల చూస్తూ అన్నాడు.

ఆ నేలచూపు నేను చూశాను. ఇద్దరూ దొంగలేనని మనసులో రాసుకున్నాను. పొడి పొట్లం మాత్రం తెచ్చుకున్నాను.

పరీక్ష చేస్తే ఆ పొడిలో స్టెరాయిడ్ లేదు. ఒకటికి మూడుసార్లు చేశాను, లేదు. మామూలు మనిషైతే ఆ పూట ఆగి ఆలోచించేది. నేను ఆగలేదు. ఆయన దగ్గర రెండు మూటలున్నాయని తేల్చేశాను. అధికారులు వస్తే చూపించడానికొకటి, రోగులకొకటి. స్టెరాయిడ్ ఉంటే ఆయన దొంగ, లేకపోతే ఇంకా పెద్ద దొంగ. ఆయన ఎటు తిరిగినా తప్పించుకునే దారి లేకుండా చేశాను.

వారం తిరగకముందే బావ ఫోన్. "అక్క మింగలేకపోతుంది. జరం పట్టింది. ఒళ్లంత నల్లగ కములుతుంది." కారు మాట్లాడుకుని కరీంనగర్ తీసుకురమ్మన్నాను. ఆసుపత్రి గేటు దగ్గర ఆమెను దింపుకున్నప్పుడు నా అక్కను పోల్చుకోవడానికి నాకు ఒక క్షణం పట్టింది. పెదవులు చిట్లి, నోరంతా పుండ్లు. చేతుల మీద, ఎవరూ కొట్టకుండానే, నీలం మచ్చలు. నన్ను చూసి ఏదో అనబోయింది. నాలుక కదల్లేదు.

రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ మొహం మారింది. రక్తంలో తెల్లకణాలు అడుగంటాయి, రక్తం గడ్డకట్టించే కణాలూ పడిపోయాయి అన్నది. "వాతానికి వారానికోసారి వేసుకునే పసుపు మాత్రలు, ఈమె రోజూ వేసుకుంటోందా?" అని అడిగింది.

"లేదు మేడమ్. అయిదు నెలల సంది ఒక్క మాత్ర గూడ ముట్టలే. నాకు తెలుసు." ఒట్టు పెట్టుకున్నంత గట్టిగా చెప్పాను. ఫోన్ తీసి పలక ఫొటో కూడా చూపించాను. "ఇగో, నాటు పొడిల స్టెరాయిడ్ కలిపిండు ఒకడు."

ఆమె ఫొటో చూసి తల అడ్డంగా ఊపింది. "స్టెరాయిడ్ ఇలా చేయదు. ఇంకేదో ఉంది. ఏం తిన్నదో తెలిస్తేనే విరుగుడు ఇవ్వగలను. త్వరగా ఆలోచించండి."

బావ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మెల్లగా జారి కింద కూర్చున్నాడు.

"నేనే కలిపిన" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఏం కలిపినవ్?"

"మాత్రలు. నూరి పొడిల కలిపిన. మాత్రలు బందు పెట్టినంక పది దినాలకే రాత్రంత ఏడ్సుడు మొదలువెట్టింది. పొడి పని జేస్తలేదంటె ఇనది. మాత్ర వేస్కొమ్మంటె ఇనది. నేనేం జెయ్యాలె? నెలనెల దవాఖానకు పోయి మాత్రలు తెచ్చుడు నేను ఆపలే. తెచ్చి, నూరి, డబ్బాల కలిపిన. మంచిగైంది గదా మర్దలా. నువ్వు గూడ చూసినవ్ గదా, బీడీ చుట్టింది."

"తెల్లయి ఒక్కటేనా?"

"అన్ని. తెల్లయి, పసుపుయి, అన్ని. నెల మాత్రలు నెల పొడిల. మొన్న రెండు నెలలయి ఒక్కసారే ఇచ్చిండ్రు, గవి గూడ ఒకే నెల పొడిల కలిపిన. సమంగ కలిపిన మర్దలా. ముప్పై ఏండ్ల సంది కలుపుతున్న. నా చెయ్యి తప్పు పోదు."

డాక్టరమ్మ అప్పటికే లోపలికి పరుగెత్తింది. నేను అక్కడే నిలబడిపోయాను. వారానికి ఒకసారి వేసుకుని, మిగిలిన ఆరు రోజులు ఒంటికి విశ్రాంతి ఇవ్వవలసిన మందు. దాన్ని రోజుకు రెండు పూటలా, తేనెలో, ప్రేమగా తినిపించాడు. తంబాకు కలిపేముందు దానికి నీళ్లు చిలకరిస్తారు. తడికి ఒకదాన్నొకటి పట్టుకుని కలిసింది కలిసినట్టే ఉంటుంది. ఎండు పొడి అలా ఉండదు. బరువైన మాత్రల నుసి రోజూ కొంచెం కొంచెం కిందికి దిగుతుంది. డబ్బా పైన సగం వావిలాకు, అడుగున సగం మాత్రలు. చివరి వారాల్లో అక్క తిన్న ప్రతి చెంచాలో ఎంతుందో ఆయనకు తెలియదు, ఎవరికీ తెలియదు. మునుపు అవే మాత్రలతో రాని సత్తువ వేళ్లకు వచ్చింది కూడా ఆ రెండింతల స్టెరాయిడ్‌తోనే.

నాకు తెలిసి ఉండాల్సింది. పలక అడుగున కదలకుండా కూర్చున్న పసుపు మచ్చ ఆకు రంగు కాదు, పసుపు మాత్రది. ముసలాయన పొడితో మూడుసార్లు చేసిన పలకల మీద ఆ మచ్చ లేదు. అదే ఆకు, అదే వావిలి, మచ్చ మాత్రం లేదు. కళ్ల ముందే ఉంది. నేను దొంగ కోసం వెతుకుతున్నాను గానీ నా అక్క కడుపులోకి ఏం పోతోందో వెతకలేదు. పద్దెనిమిదేళ్ల ల్యాబు తగలబడిపోనీ అనిపించింది ఆ వరండాలో.

బావను తిట్టడానికి నోరు తెరిచాను. ఆయన తన రెండు చేతులూ ముందు పెట్టుకుని చూసుకుంటున్నాడు. నోరు మూసుకున్నాను.

విరుగుడు సూదులు పనిచేశాయి. బతుకుతుందో లేదో రెండు రోజులదాకా తెలియలేదు. మూడో రోజు నీళ్లు మింగింది. వారం తర్వాత నోరు తెరిచి మొదటి మాట నాతో అన్నది, "నీ మొహం చూడు, ఎట్లయిందో." నేను ఆమె దుప్పటిలో మొహం దాచుకుని ఏడ్చాను. భయం తీరిందన్న ఏడుపు, సిగ్గుతో ఏడుపు, రెండూ కలిసి వచ్చాయి.

నిజం నేనే చెప్పాను. బావ మంచం చివర నిలబడ్డాడు. అక్క అంతా విన్నది. మేము అనుకున్నట్టు కేకలు వేయలేదు.

"అయితే నా చేతులు లేసింది గా మాత్రలతోనేనా? పొడితోని కాదా?"

"కాదక్కా."

"అయిదు నెలలు" అన్నది బావతో. "పొద్దున, రాత్రి. నోరు తెరువు అంటివి, తెరిస్తి. మందులాయనకు దండం పెడ్తుంటె చూస్కుంట నిలవడ్డవ్."

"నువ్వు ఏడుస్తుంటె చూడలేకపోయిన" అన్నాడు బావ.

"చెప్తే తిందునేమో."

"తినవు."

"తినకపోదును. నా నోరు గది. నా ఇష్టం."



ఆ తర్వాతి సంవత్సరం మా కాలేజీలో ఒక విద్యార్థిని ప్రాజెక్టుకు మొక్క కావాలంటే, ముసలాయన ఇచ్చిన శుభ్రమైన పొడి బీరువాలో ఉందని గుర్తొచ్చింది. అనుమతి కాగితాలు అయ్యాక ఎలుకల మీద పరీక్షించాం. ఎలుక పాదంలో వాతంలాంటి వాపు వచ్చేలా సూది వేస్తాం. కొన్నిటికి పొడి సారం, కొన్నిటికి దవాఖాన మందు, కొన్నిటికి ఉత్త నీళ్లు నోట్లో పోస్తాం. రోజూ కాలిని నీళ్ల గొట్టంలో గీత దాకా ముంచి, నీళ్లు ఎంత పైకి లేస్తే వాపు అంత అని రాసుకుంటాం. ఈసారి ఏ బోనుకు ఏం పోస్తున్నామో నాకు తెలియకుండా, ఇంకో మేడమ్ చేత గుర్తులు రాయించి కవర్లో పెట్టి అంటించాను. నా కళ్లను నేను నమ్మడం మానేశాను.

కవరు విప్పితే తేలింది, పొడి తాగిన ఎలుకల కాళ్లలో వాపు కొంత తగ్గింది. దవాఖాన మందు అంత కాదు, కానీ నీళ్లు తాగినవాటి కంటే నిజంగానే తక్కువ. మళ్లీ చేయించాను. మళ్లీ అదే వచ్చింది. ముసలాయన అబద్ధమాడలేదు. ఆయన దగ్గరికి పోయి క్షమించమని అడగాలి. ఇంకా పోలేదు. పందిరి కింద కూర్చున్న అంతమంది ముందు అన్న మాటలను ఒంటరిగా ఎలా వెనక్కి తీసుకోవాలో నాకు తెలియడం లేదు.

అక్కకు మాత్రం చెప్పాలనుకుని ధర్మపురి పోయాను. ఇప్పుడు డాక్టరు మందులు మార్చారు. వేళ్లు మునుపటంత బిగుసుకోవు, బీడీ మాత్రం చుట్టలేవు. సంతోషపడుతుందనుకుని ఎలుకల సంగతంతా చెప్పాను. అక్క చివరిదాకా విన్నది.

"గా ఎలుకలకు చెప్పి పోసినవా చెల్లే, ఏం పోస్తున్నవో?"

"ఎలుకలకు ఏం చెప్తమక్కా."

"అవ్, ఎలుకలకు ఏం చెప్తరు" అన్నది.

బావ మాత్రల పట్టీ, చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. పెట్టి, ఏమీ అనకుండా గోదాముకు పోయాడు. అక్క ఆ నీళ్లు తీసుకుపోయి చెట్టుకు పోసింది. బిందెలోంచి తానే వేరే ముంచుకున్నది. ఆ వేళ్లతో చెంబు పట్టుకోవడానికి రెండు చేతులు కావాలి, నేను లేవబోతే వద్దన్నది. పట్టీని కళ్ల దగ్గర పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది. ఇంగ్లీషు చదవడం రాదు ఆమెకు.

"ఇటియ్యి అక్కా, నేను చదువుత."

ఇచ్చింది. పేరు చదివాను, ఎందుకో చెప్పాను, రోజుకు ఎన్నో చెప్పాను. శ్రద్ధగా తల ఊపింది. తర్వాత పట్టీ నా చేతిలోంచి తీసుకుని, గోడ అవతలికి చెయ్యి చాపి, పక్కింటి కోడలిని పిలిచింది.

"బిడ్డా, జర గిది ఏం మాత్రనో చదివి చెప్పు."